చావులేని మంత్రగత్తె: 'కోడ్ గియాస్' కథలో సి.సి. పాత్ర

అమరత్వము వరమా, శాపమా యను ప్రశ్న మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. సౌప్తికపర్వమున శ్రీకృష్ణుడు అశ్వత్థామను చంపక, మూడువేల యేండ్లు తోడు లేక తిరుగుమని శపించెను. ఆదిపర్వమున యయాతి తన ముదిమిని పూరువునకిచ్చి, వాని యౌవనమును తాను గైకొని, వేయేండ్లు భోగములనుభవించియు తృప్తి కానక, మరల దానిని తిరిగి యిచ్చివేసెను. మొదటి కథలో దీర్ఘజీవనమే దండనము. రెండవ కథలో దేహభారము ఒడంబడికచే ఒకరినుండి మరియొకరికి సంక్రమించును. ఈ రెండంశములును ఏకమై ఒక పాత్రగా రూపొందినచో నెట్లుండునో తెలియగోరువారు జపానుదేశపు బొమ్మల చిత్రకథ యగు 'కోడ్ గియాస్'లోని సి.సి. అను స్త్రీని పరిశీలింపవలెను. ఆ పాత్రయందలి మర్మమేమి, ఆ మర్మము కథయందెట్టి ధర్మమును నిర్వహించుచున్నది యను విషయమే యీ వ్యాసమునకు పరిధి.

అనిమే యని పిలువబడు చిత్రకథలు విశ్వవిద్యాలయ పత్రికయందు చర్చింపదగినవియా యని కొందరు శంకింపవచ్చును. యక్షగానమును, జానపదగేయమును ఒకనాడు ఇట్లే శంకించిరి. నేడు వానిపై పరిశోధనగ్రంథములు వెలసినవి. పాత్రను తీర్చిన విధమందు ఔచిత్యమున్నదా, పఠితకుగాని ప్రేక్షకునకుగాని ఆలోచన మిగులునా యనునదే విమర్శకుడు చూడవలసినది. మా విద్యార్థులలో పలువురు ఈ కథను మిక్కిలి మక్కువతో చూచుచున్నారు. వారు చూచుచున్నదానిని మనము చదువకుండుట పాండిత్యము కాదు.

కథాసంగ్రహము

సన్‌రైజ్ సంస్థ నిర్మించిన యీ కథకు గోరో తానిగుచి దర్శకుడు. ఇచిరో ఓకొచి ప్రధానరచయిత. పాత్రల మూలరూపములను క్లాంప్ అను చిత్రకారిణుల బృందము కల్పించినది. మొదటి భాగము 2006 అక్టోబరులో ప్రసారము కాజొచ్చి 2007 జూలైలో ముగిసెను. రెండవ భాగము 2008 ఏప్రిలు నుండి సెప్టెంబరు వరకు సాగెను. ఒక్కొక్కభాగమునకు 25 ప్రకరణములు, వెరసి 50.

కల్పితమైన యొక చరిత్రలో బ్రిటానియా సామ్రాజ్యము జపానును జయించి, దాని పేరును సైతము తొలగించి, 'పదునొకండవ మండల'మని సంఖ్యతో పిలుచును. ఆ సామ్రాజ్యపు రాకుమారుడగు లెలూష్ తల్లిని కోల్పోయి, తండ్రిచే విడువబడి, అంధురాలును కుంటిదియు నగు చెల్లెలు నన్నలీతో జపానున మారుపేరున జీవించుచుండును. మొదటి ప్రకరణముననే తెల్లని బంధనవస్త్రములలో కట్టువడిన యొక పచ్చని కురుల స్త్రీ అతనికి తారసపడి, అతనిపై వచ్చు తుపాకిగుండునకు తాను అడ్డుపడి నేలకూలును. కూలిన యామె అతని చేయి పట్టుకొని గియాస్ అను శక్తినొసగును. కంటితో చూచి ఒకమారు ఆజ్ఞాపించినచో ఎదుటివాడు మారుపలుకక నెరవేర్చును. అందులకు ప్రతిగా ఆమె కోరిక యొకటి అతడు తీర్పవలెను. ఆ కోరిక యేమో చెప్పదు. నుదుట గుండు తాకి చనిపోయినదనుకొన్న యామె పిదప బ్రదికివచ్చి, అతని గదియందే నివాసమేర్పరచుకొనును. ఆమెయే సి.సి. జపానుభాషలో ఈ పేరును 'షీట్సూ' అని పలుకుదురు. గాత్రదానము చేసిన నటి యుకానా.

పొడుపుకథయు, మర్మమును

ఈ పాత్రయందలి మర్మము ధారావాహిక రచయితలు ప్రేక్షకుని పట్టియుంచుటకు పన్నిన యుక్తి మాత్రమే యని యొక పూర్వపక్షము కలదు. ఇందు సత్యము లేకపోలేదు. ఆమె యెవరు, ఆమె కోరిక యేమి యను ప్రశ్నలు మొదటి ప్రకరణమున పుట్టి, మొత్తముపై నలువదవ ప్రకరణము వరకు పూర్తిగా తేలవు. అంతకాలము దాచుట వ్యాపారదృష్టి లేనివారు చేయు పని కాదు.

అయినను ఒక పరీక్ష చేయవచ్చును. పొడుపుకథ విప్పినంతనే దానియందలి యాసక్తి చల్లారును. సి.సి. పూర్వవృత్తాంతము బయల్పడిన పిదప ఇంకను పది ప్రకరణములు మిగిలియున్నవి. ఆ పదింటిలో ఆమెయందు మనకాసక్తి తగ్గకపోగా హెచ్చుచున్నది. కావున దాచినది సమాచారము మాత్రమే కాదనియు, సమాచారము వెల్లడియైనను తరుగనిది వేరొకటి కలదనియు ఒప్పుకొనక తప్పదు.

ఆ వేరొకదానికి గుర్తు ఆమె పేరు. మొదటి భాగమున నరీతా కొండపై యుద్ధము జరిగిన పిమ్మట ఒక గుహలో ఆమె నిద్రలో తన నిజనామమును పలుకును. లెలూష్ దానిని విని ఆమెతో అనును. మరియొకమారు, మరికొంత మృదువుగా పిలువుమని ఆమె యడుగును. ఆ పేరు మాత్రము ప్రేక్షకునకు వినబడకుండ దర్శకుడు శబ్దమును అణచివేసెను. ఆనందవర్ధనుని మార్గమున ఆలోచించినచో ఇచ్చట వాచ్యమును తొలగించుటయే వ్యంగ్యమునకు చోటిచ్చుట. పేరేమో తెలిసినచో మనకు లభించునది నాలుగక్షరములు. తెలియకపోవుటచే లభించినది, ఆ పేరు పిలువదగినవాడు లోకమున ఒక్కడే యున్నాడను ఎరుక. శతాబ్దములుగా ఎవరును పలుకని పేరది.

ఈ సందర్భమున చెక్ రచయిత కారెల్ చాపెక్ 1922లో వెలయించిన 'మాక్రోపులోస్ వ్యవహారము' అను నాటకము స్మరణీయము. అందలి నాయిక మూడువందల యేండ్లకు పైగా బ్రదికి, కాలానుగుణముగా పేర్లు మార్చుకొనుచు, ప్రతి పేరునందును మొదటి రెండక్షరములను మాత్రము నిలుపుకొనును. పేరు అరిగి అరిగి రెండు పొడియక్షరములకు చేరుటయే దీర్ఘాయువు చేయు పని యని రెండు కథలును సూచించుచున్నవి. ఒకదానినుండి మరియొకటి పుట్టెనని చెప్పుటకు మాకు ఆధారము లేదు. సాదృశ్యమును మాత్రమే గ్రహించుచున్నాము. దేశము పేరు తొలగి సంఖ్యగా మారిన కథలో స్త్రీ పేరు తొలగి పొడియక్షరములుగా మారుట గమనింపదగినది.

మంత్రగత్తె యను పదము

జపాను మూలమున సి.సి. తన్ను తాను 'మజో' అని చెప్పుకొనును. ఈ సమాసమున 'జో' యనగా స్త్రీ. 'మ' యను వర్ణమునకు మూలమగు చీనాలిపి సంజ్ఞ బౌద్ధగ్రంథముల యనువాదమున సంస్కృతమందలి 'మార' శబ్దమును వ్రాయుటకై కల్పింపబడినది. మారుడు బోధివృక్షమూలమున గౌతముని ప్రలోభపెట్టినవాడు. ఆ పేరు 'మృ' ధాతుజన్యము, చంపువాడని యర్థము. చావునెరుగని స్త్రీకి మృత్యువాచకమునుండి పుట్టిన పేరు చెల్లుట యాదృచ్ఛికమే కావచ్చును. అర్థపుష్టి మాత్రము కాదనరానిది. మారునివలె ఈమెయు శక్తిని ఎరగా చూపును. మారునకు భిన్నముగా, ఈమె తొలిపలుకులలోనే ఆ శక్తి మనుష్యుని ఒంటరివానిని చేయునని హెచ్చరించును. 'గియాస్' అను మాటయు ఐరిష్ వీరగాథలలోని 'గెష్' అను కట్టుబాటును తలపించును. కుహులిన్ అను వీరుడు కుక్కమాంసమును తినరాదను నియమమునకును, ఆతిథ్యమును కాదనరాదను నియమమునకును నడుమ చిక్కి నశించెను. శక్తియు సంకెలయు ఒక్కటే యను భావము ఆ పదమునందే యున్నది.

తెనుగున దీనికి 'మంత్రగత్తె' యనుట తప్ప వేరు లేదు. అయితే ఆ మాటను మనము తేలికగా వాడరాదు. బాణామతి, చేతబడి, చిల్లంగి యను నెపములతో మన పల్లెలలో నిస్సహాయులను కొట్టి చంపిన వార్తలు నేటికిని వినబడుచునేయున్నవి. ఈ కథయు ఆ సంగతిని మరువలేదు. సి.సి. జ్ఞాపకములుగా మెరయు దృశ్యములలో జనులామెను మంత్రగత్తె యని హింసించిన జాడలు కలవు. చావులేనిదానిని చంపబూనినచో ఆ వేదనకు అంతముండదు. లోకము తన్ను నిందించిన మాటనే ఆమె కవచముగా ధరించినది. 'నేను మంత్రగత్తెను' అని ఆమె నిర్లక్ష్యముగా ననునపుడెల్ల వెనుక ఆ మంటలున్నవి. నీవు మంత్రగత్తెవైనచో నేను మాయలరాజునగుదునని లెలూష్ ఒకచోట బదులు చెప్పుటలో ఆ నిందను పంచుకొను స్నేహమున్నది.

మూడు ఒడంబడికలు

ఈ పాత్రకు ప్రాణము ఒడంబడికయే. కథను జాగ్రత్తగా చూచినచో అట్టివి ముఖ్యముగా మూడు కన్పట్టును.

మొదటిది, ఆమె బాల్యమునాటిది. సి.సి. అనాథయగు బానిసబాలిక. గాయపడి ప్రార్థనామందిరము చేరిన యామెకు ఒక సన్న్యాసిని గియాస్ నొసగును. ఎల్లరచే ప్రేమింపబడవలెనను బాలిక కోరికకు తగినట్లే, ఆమెను చూచిన వారందరును ఆమెను ప్రేమింతురు. కానుకలు, వివాహప్రార్థనలు వచ్చిపడును. ఆ ప్రేమ యేదియు నిజము కాదని ఆమె యెరుగును. శక్తికి లోబడక ఆమెను మందలించుచు వచ్చినది ఆ సన్న్యాసిని యొక్కతెయే. కాని ఆమె దయయు మోసమే యని తేలును. చావగోరిన యామె, శక్తి పండిన బాలికపై తన అమరత్వమును బలవంతముగా మోపి మరణించును. నమ్మిన యొకే ప్రేమ వంచనయైన క్షణముననే సి.సి.కి చావు దూరమైనది.

రెండవది, మావో అను బాలునితోడిది. ఆరేండ్ల యనాథకు ఆమె గియాస్ నిచ్చెను. వానికి లభించినది పరుల మనస్సులను వినగల శక్తి. అది నానాటికి వృద్ధియై ఆపవశము కాక, లోకమంతయు వాని చెవులలో ఘోషింపజొచ్చెను. వినబడని మనస్సు సి.సి.ది మాత్రమే. వానికి తల్లియు, చెలియు, సర్వస్వమును ఆమెయే. తన కోరిక వానిచే తీరదని తెలిసి ఆమె వానిని విడిచిపోయెను. ఉన్మత్తుడై వెదకుచు వచ్చిన వానిని కడకు ఆమెయే స్వహస్తముతో కాల్చిచంపును. ప్రేమించితినని చెప్పియే చంపును.

మూడవది లెలూష్‌తోడిది. ఇచ్చట ఆమె కోరిక వెల్లడియగును. ఆమె కోరినది మరణము. శక్తినిచ్చి, అది పండువరకు కాచుకొని, పండినవానిపై తన భారమును మోపి చావవలెనని యామె తలంపు. సన్న్యాసిని తనకు చేసినదానినే తాను పరులకు చేయబూనినదన్నమాట. అయితే లెలూష్ శక్తి పండినను ఆమె ఆ భారమును అతనిపై మోపదు. అతనికి బదులు, తానై కోరుచున్న చక్రవర్తి చార్లెస్‌కు లొంగి, అతని చేత చావ సిద్ధపడును.

ఈ మూడింటిని వరుసగా నిలిపి చూచినపుడు పాత్రయందలి ధర్మసూత్రము గోచరించును. మొదటి ఒడంబడికలో ఆమె వంచితురాలు. రెండవదానిలో అపరాధిని. మూడవదానిలో, ఎవరును చూడనియెడ, ఎవరును మెచ్చనియెడ, ఆ గొలుసును త్రెంచినది. యయాతి కుమారులను అడిగెను. నలుగురు కాదనగా పూరువు సమ్మతించెను. సన్న్యాసిని అడుగకయే మోపెను. సి.సి. అడుగనూ లేదు, మోపనూ లేదు. తాను పడిన బాధను మరియొకరికి అప్పగించి విముక్తి పొందు నవకాశము చేతికందియు ఆమె విడిచిపెట్టినది. సి.సి. యందలి మర్మము ఇదియే యని మా నిర్ణయము. ఆమె దాచినవానిలో మిక్కిలి విలువైనది పుట్టుకయు కాదు, పేరును కాదు. తనలో ఇంకను మిగిలియున్న దయ.

ఇందు దోషములు లేవని మేమనము. మావో మరణానంతరము కథ అతనిని దాదాపుగా మరచినది. ఆ వధ కథాగమనమునకు దారి చేసినంతగా ఆమె అంతరాత్మను కలచినట్లు చూపలేదు. అపరాధమును అంత స్పష్టముగా నిర్మించిన రచయిత పశ్చాత్తాపమును అంత క్లుప్తముగా విడుచుట లోపమే. కొన్నియెడల చిత్రకారులు ఆమె దేహమును ప్రదర్శించిన తీరు శృంగారాభాసమై, పాత్రగాంభీర్యమునకు భంగము కలిగించుచున్నది.

ఆకలి

సి.సి. సర్వకాలములందును పిజ్జా తినుచుండును. జపానునందలి పిజ్జా హట్ సంస్థ యీ కథకు పోషకులలో నొకటి. ఆమె కౌగిలించుకొని పడుకొను బొమ్మయు ఆ సంస్థ చిహ్నమే. కావున ఇది ప్రకటన మాత్రమే యని త్రోసివేయుట సులభము. ప్రకటనయను మాట నిజము. ఐనను రచయితలు దానినొక ప్రయోజనమునకు వినియోగించిరి. మరణమే తన కోరికయైన స్త్రీ వేడివేడి తిండికై అంతగా ఆరాటపడుట పరస్పరవిరుద్ధము. ఆ విరోధమే పాత్రకు జీవము. నిర్వేదము శాంతరసమునకు స్థాయి యని మమ్మటుడు చెప్పెను. సి.సి. ప్రకటించు నిర్వేదము పరిపాకము పొందినది కాదు. కోరిక చచ్చినదని ఆమె నోరు చెప్పుచుండగా చేతులు కాదనుచున్నవి. హాస్యముగా తోచు ఈ చిన్న విషయము ముందు రానున్న మార్పునకు బీజము.

ఆ మార్పు నలువదవ ప్రకరణమున సంభవించును. చావ సిద్ధమైన యామెను లెలూష్ అడ్డగించి, చావే నీ కోరికయైనచో ఆ కన్నీరెందులకని యడుగును. చావవలసివచ్చినను నవ్వుచు చావవలెననియు, ఆ నవ్వును తాను తప్పక కలిగింతుననియు మాట యిచ్చును. ఇచ్చట ఒడంబడిక యొక్క వస్తువే మారినది. ఆమె యడిగినది మరణము. అతడు ఇత్తునన్నది నవ్వు. అనంతరము ఆమె జ్ఞాపకమును కోల్పోయి, బెదరిన బానిసబాలికగా కొంతకాలము వర్తించును. గర్వముగల మంత్రగత్తె క్రింద దాగిన పసిపిల్లను మనకు కన్నులార చూపుటకు ఈ ఘట్టము చక్కగా నమరినది.

రెండు ముగింపులు

2008 సెప్టెంబరు 28న ప్రసారమైన తుది ప్రకరణమున లెలూష్ లోకద్వేషమునంతయు తనపై నాకర్షించుకొని, ముందు చేసికొన్న యేర్పాటు ప్రకారము మిత్రుడగు సుజాకు చేత చచ్చును. సి.సి. ప్రార్థనామందిరమున కన్నీరు కార్చును. చివర గడ్డిబండిపై వెల్లకిల పండుకొని, రాజశక్తి మనుష్యుని ఒంటరివానిని చేయునని తాను మొదట చెప్పిన మాట పూర్తిగా నిజము కాదేమోనని లెలూష్‌ను సంబోధించి పలికి నవ్వును. బండి తోలువాని ముఖము చూపబడనందున అతడు లెలూషే యని వాదించువారును కలరు. మాకు ఆ వాదము రుచింపదు. అతడు బ్రదికియున్నచో ఆ నవ్వునకు విలువ తగ్గును. తోడు లేనపుడే కదా ఒంటరితనమును కాదనుట గొప్ప.

పిమ్మట 2017, 2018 సంవత్సరములలో ఈ కథను మూడు చలనచిత్రములుగా సంగ్రహించి, కొన్ని మార్పులు చేసి విడుదల చేసిరి. ఆ మార్పులకనుగుణముగా 2019 ఫిబ్రవరిలో వచ్చిన చిత్రమున సి.సి. లెలూష్ దేహమును బ్రదికించి, పోయిన మనస్సును మరల తెచ్చుటకై అతనిని వెంటబెట్టుకొని దేశములు తిరుగును. తుదకు అతడును అమరుడై, ఎల్.ఎల్. అను పేరుతో ఆమెకు తోడగును. ఇది సుఖాంతమును కోరు ప్రేక్షకులకై చేసిన రాజీ యని మేము మొదట తలంచితిమి. మరల చూచినపుడు ఆ యభిప్రాయమును కొంత సవరించుకొనవలసివచ్చినది. ఇందు అమరత్వభారము వంచనచే సంక్రమింపలేదు. అతడు తెలిసియే ఆ మార్గమును, ఆ పేరును ఎన్నుకొనెను. పూరువు సమ్మతివలె ఇదియు సమ్మతియే. అతడు అమరుడైనను ఆమె చావలేదు, విడివడలేదు. భారము చేతులు మారక ఇరువురిదైనది.

అయినను ధ్వనిదృష్టితో మొదటి ముగింపే మేలైనదని మా తీర్పు. రెండవదానిలో దయకు ప్రతిఫలము లభించినది. మొదటిదానిలో ప్రతిఫలము లేకయే నవ్వు పుట్టినది.

జపానువారి కథాసంప్రదాయము

పాశ్చాత్యవేషము ధరించినను ఈ పాత్రకు జపానులోనే పూర్వపరంపర కలదు. వకాసా ప్రాంతమున ప్రచారముననున్న యావో బికుని గాథలో ఒక కన్య మత్స్యమానుషి మాంసమును తిని ముదిమి లేనిదై, తనవారందరును గతించుట చూచి, భిక్షుణియై దేశములు తిరిగి, ఎనిమిదివందల యేండ్లకు ఒక గుహ ప్రవేశించి యంతరించెను. ఒబామా పట్టణమున కూఇన్‌జీ దేవాలయముకడ ఆ గుహయని నేటికిని చూపుదురు. 'తకెతోరి' కథలో చక్రవర్తి తనకు లభించిన అమృతమును ఫూజీ పర్వతముపై కాల్పించెను. ప్రియురాలు లేని లోకమున చావులేమి యెందులకని యతని భావము. అమరత్వమును ఆశింపక, దానిని చూచి జాలిపడు ఈ దృష్టి జపానువారి కథలకు చిరపరిచితము. సి.సి. ఆ కుటుంబమునకు చెందినదే. భిక్షుణి గుహలోనికి పోయి ముగిసినది. సి.సి. మాత్రము గడ్డిబండిపై ఎండలోనికి వచ్చినది. ప్రాచీనగాథకు నేటి రచయితలు చేర్చిన క్రొత్తదనమిది.

ఉపసంహారము

శక్తినిచ్చువారు కథలందు సామాన్యముగా వరమిచ్చి అంతర్ధానమగుదురు. ఆ వరము చేసిన కీడునకు వారు బాధ్యులు కారు. సి.సి. అట్లు అంతర్ధానము కాలేదు. తానిచ్చిన శక్తి ఒకనిని ఉన్మత్తుని, ఒకనిని హంతకుని చేయుట ప్రక్కన నిలిచి చూచినది, ఆ దోషములో పాలు పంచుకొన్నది, తుదకు తన విముక్తినే వెలగా చెల్లింప సిద్ధపడినది. తాను పడిన బాధను తరువాతివారికి అప్పగింపకుండుట వీరకృత్యముగా కన్పట్టదు. దానికి సాక్షులుండరు. బహుశః అందువలననే రచయితలు దానిని మర్మముగా నుంచిరి. విద్యను, అధికారమును, ఆచారమును ఒక తరమునుండి మరియొక తరమునకు అందించు వృత్తియందున్న మనము, అందింపదగినదేదో, మనతోనే ఆగిపోవలసినదేదో ఈ పాత్రను చూచి యొకపరి ఆలోచించుకొనుట యుక్తము.